జీతంలోంచి పిల్లల భరణం కోత.. కంపెనీ ‘ప్రాసెసింగ్ ఫీజు’ పట్టుకోవచ్చా? చట్టం ఏం చెబుతోందంటే..

కోర్టు పిల్లాడికి నెలకు రూ.6 వేల భరణం వేసింది. తల్లీబిడ్డలు ఉండేది గోదావరి ఒడ్డున కపిలేశ్వరపురంలో. తండ్రి హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగి. జీతంలోంచి కోసి పంపమని కంపెనీకి ఉత్తర్వు వెళ్లింది. తీరా వచ్చింది రూ.5,800. మిగతా రూ.200 ‘ప్రాసెసింగ్ ఛార్జీ’ అన్నారనుకోండి.. చెల్లుతుందా?

చెల్లదు. జీతంలోంచి ఏమేం కోయొచ్చో వేతన కోడ్ 18వ సెక్షన్ జాబితా ఇచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి ఇది అమల్లో ఉంది. అంతకుముందు 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనూ ఇలాంటి జాబితానే ఉండేది. కోర్టు ఆదేశించిన కోత అందులో ఉంది. ఆ కోత కోసి పెట్టినందుకు యజమాని తీసుకునే ఫీజు మాత్రం లేదు. బిడ్డ సొమ్ములోంచే కాదు, తండ్రి జీతంలోంచి అదనంగా కూడా పట్టుకోకూడదు.

ఇంతకీ కంపెనీ దాకా ఉత్తర్వు ఎలా వెళ్తుంది? భరణం కేసు బీఎన్ఎస్ఎస్ 144 (పాత సీఆర్‌పీసీ 125) కింద తల్లి ఉండే జిల్లాలోనే వేయొచ్చు, హైదరాబాద్ పరిగెత్తక్కర్లేదు. భరణం ఉత్తర్వును డబ్బు డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చని 2020లో రజనీష్-నేహ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21, రూల్ 48ఏ కింద ప్రైవేటు ఉద్యోగి జీతం అటాచ్ చేయిస్తారు. కంపెనీ కోసిన సొమ్ము కోర్టుకు పంపాలి. ఉత్తర్వును పక్కనపెట్టి జీతం మొత్తం ఉద్యోగికే ఇచ్చేస్తే ఆ మేరకు యజమానే బాధ్యుడు. చాలామందికి తెలియని పాయింట్ ఇదే!

ఎంత కోయొచ్చు? భరణం డిక్రీలో జీతంలో మూడో వంతుకే రక్షణ. వేతన కోడ్ మాత్రం కోతలన్నీ కలిపి సగం దాటొద్దంటోంది. అందుకే నెలకు ఎంతో అంకె ఉత్తర్వులోనే రాయించుకోవడం మంచిది.

ఈ ఫీజు మాట ఎక్కువగా వినిపించేది అమెరికాలో. తండ్రి అక్కడ ఉద్యోగంలో ఉండి, అక్కడి కోర్టు భరణం వేస్తే లెక్క వేరు. టెక్సాస్‌లో యజమాని నెలకు 10 డాలర్ల వరకు, కాలిఫోర్నియాలో ప్రతి చెల్లింపుకు ఒకటిన్నర డాలర్ తీసుకోవచ్చు. జార్జియాలో మొదటిసారి 25, తర్వాత ప్రతిసారీ 3 డాలర్ల వరకు. అయితే అదంతా తండ్రి జీతంలోంచే. బిడ్డ భరణం పైసా తగ్గదు.

మళ్లీ మన దగ్గరికొస్తే.. తండ్రి ఉద్యోగం మానేసి తప్పించుకుంటే? బకాయిపై ఏడాదిలోపు కోర్టుకెళ్తే వారెంట్, ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు. జైలుకెళ్లినా బాకీ తీరదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చేసింది. డబ్బు తగ్గి వస్తే జీతం స్లిప్, కోర్టు ఉత్తర్వు కాపీతో అమలు పిటిషన్ వేసిన కోర్టుకే చెప్పాలి. లాయర్ ఖర్చు భయం అక్కర్లేదు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను పెడుతుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100.