డెమో ప్లాట్ మనకి తెలుసు, మరి ఖమ్మంలో జరిగిన డెమో టీకా సంగతి తెలుసా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు తప్పకుండా చదవండి.

డెమో ప్లాట్ అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కంపెనీ ఆయన వస్తాడు, రోడ్డు పక్కన చేను చూసుకుంటాడు, విత్తనం ఫ్రీగా ఇస్తాడు, బోర్డు పాతుతాడు. పంట బాగుంటే ఫొటో ఆయనకి, పోతే నష్టం మనకి. అయినా ఒక్క మర్యాద ఉంటుంది. చేను ఎవరిదో వాళ్లని అడిగే వేస్తారు. కౌలుదారుని అడిగి పొలం రిజిస్ట్రేషన్ చేయించుకోరు కదా.

2009లో మన పక్కనున్న ఖమ్మం జిల్లాలో ఒక డెమో జరిగింది. అక్కడ బోర్డు పాతింది చేలో కాదు, బడిలో. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా మొదలుపెట్టారు. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ రాకుండా ఆపే టీకా అది. అప్పట్లో మూడు డోసులు. భద్రాచలం వైపు పిల్లల్లో చాలామంది గిరిజనులు, అమ్మానాన్నలకి దూరంగా ఆశ్రమ హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట మీదుగా వెళ్తే ఆ ఊళ్లు మనకేం దూరం కాదు. అప్పటి ఖమ్మం జిల్లాలోని కుక్కునూరు, వేలేరుపాడు 2014లో మన పశ్చిమ గోదావరిలోనే కలిశాయి.

ఇది ఎవరు చేశారంటే, అమెరికాలో సియాటిల్ అనే ఊళ్లో ఉన్న పాత్ అనే సంస్థ. డబ్బు బిల్ గేట్స్ ఫౌండేషన్‌ది. మన దేశం తరఫున ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిశాయి. టీకా మెర్క్ అనే అమెరికా కంపెనీ ఉచితంగా ఇచ్చింది. గుజరాత్‌లో వడోదర దగ్గర సుమారు 10,000 మందికి గ్లాక్సో కంపెనీ టీకా వేశారు. ఇలాంటి డెమోలే పెరూ, ఉగాండా, వియత్నాంలో కూడా పెట్టారు.

2010 మొదట్లో మహిళా సంఘాల వాళ్లు భద్రాచలం వెళ్లి పిల్లల్ని, తల్లిదండ్రుల్ని కలిశారు. టీకా దేనికో, ఎవరు వేయిస్తున్నారో చాలామందికి తెలీదని బయటపెట్టారు. టీకా వేయించుకున్న వాళ్లలో మన రాష్ట్రంలో అయిదుగురు, గుజరాత్‌లో ఇద్దరు చనిపోయారన్న సంగతీ బయటికొచ్చింది. సీపీఎం ఎంపీ బృందా కారత్ దీన్ని ఆరోగ్య మంత్రి గులాం నబీ ఆజాద్ దృష్టికి తీసుకెళ్లారు. ఏప్రిల్‌లో కేంద్రం మొత్తం ఆపించేసింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. వాట్సాప్‌లో "గేట్స్ టీకా ఏడుగురు పిల్లల్ని చంపింది" అని ఇప్పటికీ తిరుగుతా ఉంటుంది. కేంద్రం వేసిన విచారణ కమిటీ 2011లో ఆ చావుల గురించి చెప్పింది వేరు. ఒక పాప క్వారీ నీళ్లలో పడిపోయింది, ఒకరిని పాము కరిచింది, ఇద్దరు పురుగుమందు తాగారు, ఒకరికి మలేరియా ముదిరింది. మిగతా ఇద్దరికి కారణం అంత గట్టిగా తేలలేదు గానీ, చావులకి టీకాతో సంబంధం ఉన్నట్టు కనపడలేదని చెప్పారు. తెలిసి తెలిసి అబద్ధం పంచొద్దు.

మరి తప్పు ఎక్కడ జరిగింది? సంతకం దగ్గర.

చిన్నపిల్లలకి ఇలాంటివి చేయాలంటే తల్లి గాని తండ్రి గాని ఒప్పుకోవాలి. మన రాష్ట్రంలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. వాళ్లు సొంతంగా పెట్టలేదు, సంతకం పెట్టొచ్చని ప్రభుత్వమే రాసిచ్చింది. తండ్రి బతికుండగా, కబురు పెడితే వచ్చేంత దూరంలో ఉండగా, వార్డెన్ ఎలా ఒప్పుకుంటాడండీ? పైన చెప్పిన కౌలుదారు సామెత ఇదే. వేలిముద్ర వేసినవాళ్లకైనా ఆ కాగితం ఎవరన్నా చదివి వినిపించారా? బ్యాంకులోనూ సొసైటీలోనూ వేలిముద్ర వేసిన మన పెద్దోళ్లకి తెలుసు, ఏ కాగితానికి వేశామో తర్వాత తెలుస్తుంది.

తర్వాత ఇది పార్లమెంటుకి వెళ్లింది. ఆరోగ్య శాఖ స్టాండింగ్ కమిటీ తన 72వ నివేదికని 2013 ఆగస్టు 30న సభలో పెట్టింది. అందులో ఏ ఒక్క పార్టీ వాళ్లో ఉండరు, అన్ని పార్టీల ఎంపీలూ ఉంటారు. వాళ్లు అడిగినవి మనలాంటోళ్లు అడిగే ప్రశ్నలే. ఈ టీకాకి మన దేశంలో అనుమతి వచ్చింది 2008లో అయితే, 2007 ఫిబ్రవరిలోనే పాత్‌తో ఐసీఎంఆర్ ఒప్పందం ఎందుకు రాసుకుంది? ట్రయల్ అనకుండా పరిశీలన అని పేరు పెట్టింది రూల్సు తప్పించుకోవడానికి కాదా? పిల్లలకి ఏదన్నా అయితే చూసుకునే ఏర్పాటు ఏది? అన్నిటికంటే పెద్ద మాట వ్యాపారం గురించి. ఈ టీకా ఒకసారి ప్రభుత్వ పథకంలో చేరితే కంపెనీకి ప్రచారం ఖర్చు లేకుండా ఏటేటా అమ్మకం గ్యారంటీ అని కమిటీ రాసింది. ఫ్రీ విత్తనం లెక్క మనకి అర్థమైనట్టే వాళ్లకీ అర్థమైంది.

పాత్ వాళ్లు ఇవన్నీ ఒప్పుకోలేదు. అనుమతి ఉన్న టీకానే వేశాం, అది ట్రయలే కాదు అన్నారు. కేసు సుప్రీంకోర్టుకి వెళ్తే, పార్లమెంటు కమిటీ రిపోర్టుని కోర్టు అసలు చూడకూడదు అని వాదన వచ్చింది. చూడొచ్చని అయిదుగురు జడ్జీల ధర్మాసనం 2018 మే 9న తీర్పిచ్చింది. భద్రాచలం పిల్లల సంతకాల గొడవ దేశం మొత్తానికి పనికొచ్చే తీర్పు తెచ్చింది.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాట. ఆ టీకా మంచిదే. 2020 లెక్క ప్రకారం మన దేశంలో ఏడాదికి 1,20,000 మందికి పైగా ఆడవాళ్లకి ఈ క్యాన్సర్ వస్తోంది, 75,000 మందికి పైగా పోతున్నారు. దాన్ని ఆపే మందుని అడ్డదారిలో తెచ్చినందువల్ల మందు మీదే అనుమానం పడింది. ఏళ్లకేళ్లు ఆ పేరెత్తితే జనం భయపడ్డారు. విత్తనం మంచిదైనా దొంగచాటుగా చల్లితే ఏ రైతు నమ్ముతాడు? నష్టపోయింది కంపెనీలు కాదు, టీకా అందని ఆడపిల్లలు.

అప్పుడు ఆ టీకా రెండు విదేశీ కంపెనీల చేతిలోనే ఉండేది, డోసు వేలల్లో ఉండేది. 2023 నుంచి పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ మన దేశంలోనే తయారుచేసి అమ్ముతోంది. ఒక్క డోసు కూడా సరిపోతుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కాబట్టి రేపు మన ఊరి బడికో హాస్టల్‌కో ఈ టీకా వస్తే భయపడి పారిపోకండి. అలాగని అడక్కుండా తలూపకండి.

నాలుగు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి. ఇది మామూలు టీకా కార్యక్రమమా, ట్రయలా? డబ్బు ఎవరిది? ఏదన్నా తేడా వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? మాకు తెలుగులో కాగితం ఇస్తారా? ట్రయల్ అయితే 2019 రూల్సు ప్రకారం ఒప్పంద కాగితం కాపీ మనకి ఇవ్వాలి, చదవలేనివాళ్లకి సంబంధం లేని సాక్షి ముందు వివరించాలి, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఇవి మన హక్కులు, ఎవరి దయా కాదు.

ఆఖరుగా, పిల్లల్ని హాస్టల్లో వేసినవాళ్లు జూన్‌లో దింపడానికి వెళ్లినప్పుడు వార్డెన్ గారికి మర్యాదగానే ఒక మాట చెప్పి రండి: "మా పాపకి ఏ ఇంజక్షన్ వేయాలన్నా ముందు మాకు ఫోన్ చెయ్యండి, సంతకం మేం వచ్చి పెడతాం." ఫోన్ నంబరు కూడా రాసిచ్చి రండి. ఏజెన్సీలో చుట్టాలున్నవాళ్లు ఈ పోస్టు వాళ్లకి చదివి వినిపించండి.