కంపెనీ బాకీ, డైరెక్టర్ జేబు

కంపెనీ ఎగ్గొట్టిన ఆడిటర్ ఫీజును, ప్లీడరు ఫీజును, కన్సల్టెంట్ బిల్లును దాని డైరెక్టర్ సొంత డబ్బుతో తీర్చాలా అన్నది కంపెనీ చట్టంలో పాత ప్రశ్న. మామూలుగా అక్కర్లేదన్నదే భారతీయ చట్టం చెప్పే జవాబు. బాకీ కంపెనీది, డైరెక్టర్ దాని తరఫున పనిచేసే ఏజెంటు మాత్రమే. అయితే ఆ ‘మామూలుగా’ అన్న మాట చుట్టూ నూట యాభై ఏళ్లకు పైగా వ్యాజ్యాలు నడిచాయి. చాలా వాటికి మూలం ఒకే పొరపాటు: పని ఒప్పుకునేవారు మనిషి ముఖం చూసి ఒప్పుకుంటారు, బిల్లు మాత్రం కంపెనీ పేరున రాస్తారు.

బ్రిటన్‌లో పరిమిత బాధ్యత చట్టం 1855లో వచ్చింది. రెండేళ్లకే, 1857లో, భారతదేశంలోని కంపెనీలకూ ఆ సౌకర్యం దక్కింది. బ్యాంకులను మాత్రం అప్పుడు పక్కన పెట్టి, 1860లో చేర్చుకున్నారు. అంతకుముందు వ్యాపారం మునిగితే భాగస్వామి ఇల్లూ వాకిలీ దానితో పాటే మునిగేవి. ఆ తర్వాత వాటా సొమ్ము పూర్తిగా కట్టినవారిని అప్పులవాళ్లు అంతకు మించి అడగడానికి వీల్లేకపోయింది.

ఈ సూత్రానికి అసలైన పరీక్ష లండన్ వైట్‌చాపెల్‌లో బూట్లు కుట్టించి అమ్మే ఆరన్ సాలమన్ కేసులో ఎదురైంది. ఆయన 1892లో తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చి, 20,007 వాటాల్లో 20,001 తన దగ్గరే ఉంచుకున్నాడు. మిగిలిన ఆరూ భార్యాబిడ్డలకు తలా ఒకటి. వ్యాపారం త్వరలోనే దెబ్బతింది. కంపెనీ అంటే సాలమనేననీ, బాకీలు ఆయనే కట్టాలనీ లిక్విడేటర్ వాదిస్తే కింది కోర్టులు అవునన్నాయి. 1896 నవంబర్‌లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా పనిచేసిన ప్రభువుల సభ ఆ తీర్పులను తిరగరాసింది. కంపెనీ వేరు, సాలమన్ వేరు అని తేల్చింది. ఏ హామీ లేకుండా అప్పిచ్చినవారి మీద జాలి పడవచ్చు గానీ తప్పు వాళ్లదేనన్నాడు, ఆ జడ్జీల్లో ఒకరైన లార్డ్ మెక్‌నాటెన్. సాలమన్‌తో పాత పరిచయం ఉండబట్టే వాళ్లు కంపెనీని నమ్మి ఉంటారని కూడా ఆయన అన్నాడు. ఫీజు రాక తిరిగే ఏ కన్సల్టెంట్‌ను కదిపినా ఇప్పటికీ వినపడే కథ ఇదే.

కంపెనీ పుట్టకముందు జరిగిన పని సంగతి వేరు. ఇంగ్లండ్‌లోని గ్రేవ్‌సెండ్‌లో ఒక హోటల్ కంపెనీ పెట్టబోతున్న ప్రమోటర్లు, 1866లో, రాబోయే కంపెనీ తరఫున అంటూ 900 పౌన్ల వైన్ కొన్నారు. కంపెనీ రిజిస్టర్ అయింది, వైన్ ఖర్చయింది, డబ్బు మాత్రం రాలేదు. కొన్ననాటికి లేని కంపెనీకి ఏజెంటు ఉండడు కాబట్టి సంతకం పెట్టినవాళ్లే కట్టాలని కోర్టు చెప్పింది. కెల్నర్ వర్సెస్ బాక్స్‌టర్ పేరుతో లా కాలేజీల్లో నేటికీ చెప్పే కేసు ఇది.

ఇదే సూత్రం 1906లో ఒక న్యాయవాదికి ఎదురు తిరిగింది. ప్రమోటర్లు చెప్పారని కంపెనీ నిబంధనావళి రాసిపెట్టి, రిజిస్ట్రేషన్ రుసుము కూడా చేతి నుంచి కట్టిన ఆ సొలిసిటర్‌కు కంపెనీ నుంచి దమ్మిడీ రాదని ఇంగ్లిష్ అండ్ కలోనియల్ ప్రొడ్యూస్ కంపెనీ కేసులో తేలింది. ఆయన రాసిన కాగితాలతోనే ఆ కంపెనీ పుట్టింది! పని చెప్పింది ప్రమోటర్లు కాబట్టి అడగాల్సిందీ వాళ్లనే. మన దేశంలో 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 15, 19 సెక్షన్లు కొంత వెసులుబాటు ఇచ్చాయి. ఒప్పందం కంపెనీ అవసరాల కోసమే జరిగి, పుట్టాక కంపెనీ దాన్ని ఒప్పుకున్నట్టు అవతలి పక్షానికి తెలియజేస్తే అది కంపెనీ మీద చెల్లుతుంది. ఒప్పుకోకపోతే, పని చెప్పిన మనిషినే పట్టుకోవాలి.

సంతకం పెట్టే తీరును బట్టి కూడా బాధ్యత మారుతుంది. ఏజెంటుగా సంతకం చేస్తున్నానని రాయకుండా చెక్కు మీదో ప్రామిసరీ నోటు మీదో వట్టి పేరు గిలికితే ఆ బాకీ సంతకందారు మీద పడుతుందని 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 28వ సెక్షన్ చెబుతోంది. బ్రిటన్‌లో ఇది ఇంకా సూక్ష్మానికి పోయింది: చెక్కు మీద కంపెనీ పేరు సరిగ్గా లేకపోయినా సంతకం చేసినవారే బాధ్యులయ్యేవారు. 1973 నాటి హెండన్ వర్సెస్ అడెల్మన్ కేసులో కంపెనీ పేరు ‘ఎల్ అండ్ ఆర్ ఏజెన్సీస్’. బ్యాంకు అచ్చువేసిన చెక్కుల్లో మధ్యనుండే ‘అండ్’ గుర్తు జారిపోయింది. అచ్చుతప్పు బ్యాంకుది, బాకీ మాత్రం డైరెక్టర్ల నెత్తిన పడింది. మన 1956 కంపెనీల చట్టం 147వ సెక్షన్‌లోనూ ఇలాంటి నిబంధన ఉండేది. 2013 చట్టం దాన్ని వదిలేసి, రోజుకు వెయ్యి చొప్పున లక్ష రూపాయలు మించని జరిమానాతో సరిపెట్టింది.

పని జరిగి, బిల్లు ఇచ్చి, డబ్బు రాని మామూలు కేసులో మన కోర్టులు దాదాపు ఒకే మాట మీద ఉన్నాయి. 1872 కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ ప్రకారం, యజమాని ఎవరో చెప్పి ఒప్పందం చేసిన ఏజెంటు సొంతంగా బాధ్యుడు కాడు. ట్రైస్టార్ కన్సల్టెంట్స్ అనే సంస్థ కంపెనీతో పాటు డైరెక్టర్ మీదా బాకీ దావా వేస్తే, ఢిల్లీ హైకోర్టు 2007లో ఒప్పుకోలేదు. డైరెక్టర్‌ను లాగితే కంపెనీకి వేరే అస్తిత్వం ఉందన్న భావనే చెదిరిపోతుందని కోర్టు అంది. చట్టం దృష్టిలో ఇది సబబే. బిల్లు పట్టుకుని రిసెప్షన్ కుర్చీలో కూర్చున్నవాడికి అలా అనిపించదు, అది వేరే సంగతి.

డైరెక్టర్‌కు నిజంగా చెమట పట్టించేది చెక్కు బౌన్స్ కేసు. 1989 ఏప్రిల్ 1 నుంచి అమలైన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ చెక్కు చెల్లకపోవడాన్ని నేరం చేసింది. ఇప్పుడు రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా ఉన్నాయి. కంపెనీ చెక్కు అయితే 141వ సెక్షన్ ప్రకారం వ్యాపారం నడిపేవారూ నిందితులవుతారు. ఫిర్యాదుదారులు బోర్డులో ఉన్న ప్రతి పేరునూ జాబితాలో ఎక్కించడం మొదలుపెట్టారు. హైదరాబాద్ మందుల కంపెనీ ఎస్.ఎం.ఎస్. ఫార్మాస్యూటికల్స్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2005లో దీనికి హద్దు గీసింది. డైరెక్టర్ అయినంత మాత్రాన సరిపోదు. ఆ రోజుల్లో వ్యాపారం ఆయన చేతుల మీదుగా నడిచిందని ఫిర్యాదులో రాయాలి. మేనేజింగ్ డైరెక్టర్‌కు, చెక్కు మీద సంతకం చేసినవారికి మాత్రం ఈ మినహాయింపు దొరకదు.

బ్యాంకులు ఇంత దూరం రానివ్వవు. అప్పు ఇచ్చేటప్పుడే డైరెక్టర్ చేత వ్యక్తిగత హామీపత్రం రాయించుకుంటాయి. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ విషయంలో విజయ్ మాల్యా మెడకు చుట్టుకున్నది అలాంటి హామీనే. 2017 జనవరిలో బెంగళూరు డెట్ రికవరీ ట్రిబ్యునల్ 11.5 శాతం వడ్డీతో 6,203 కోట్ల రూపాయల వసూలుకు బ్యాంకులను అనుమతించింది. జీతాలందని సిబ్బంది చేతిలో అలాంటి కాగితం లేదు. తన ఫీజుకు డైరెక్టర్‌ను జామీను అడిగే ఆడిటర్ మన ఊళ్లలో ఎక్కడా కనపడడు. అడిగితే క్లయింటు పోతాడన్న భయం.

2016లో వచ్చిన దివాలా స్మృతి సేవల బాకీని ‘ఆపరేషనల్’ బాకీగా గుర్తించడంతో వృత్తి నిపుణులకు కొత్త దారి దొరికినట్టయింది. దాని ఇరుకూ వెంటనే తెలిసింది. ‘నచ్ బలియే’ టీవీ నృత్యపోటీకి ఫోన్ ఓట్లు లెక్కించే పనిలో మోబిలాక్స్ సంస్థ కిరుసా సంస్థ సేవలు తీసుకుంది. ఆ పని తామే చేశామని కిరుసా ప్రకటించుకోవడంతో గోప్యత ఒప్పందం దెబ్బతిందంటూ మోబిలాక్స్ డబ్బు ఆపేసింది. ముందు నుంచీ నిజమైన తగాదా ఉంటే దివాలా పిటిషన్ నిలవదని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. 2020 మార్చి 24న కనీస బాకీని లక్ష నుంచి కోటి రూపాయలకు పెంచడంతో చిన్న ఆఫీసుల బిల్లులు చాలావరకు ఈ దారికి దూరమయ్యాయి. దివాలా ప్రక్రియ మొదలైతే కంపెనీ మీద చెక్కు కేసు ఆగుతుంది, డైరెక్టర్ల మీద మాత్రం సాగుతుంది. ఇది 2021 మోహన్‌రాజ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు.

ప్రభుత్వం తన బాకీ దగ్గర ఇంత ఉదారంగా లేదు. ప్రైవేటు కంపెనీ నుంచి పన్ను రాకపోతే, అది తన నిర్లక్ష్యం వల్ల కాదని డైరెక్టరే నిరూపించుకోవాలంది 1961 ఆదాయపు పన్ను చట్టం 179వ సెక్షన్. జీతాల విషయంలో కెనడా సమాఖ్య చట్టం కూడా ఆరు నెలల జీతం వరకు డైరెక్టర్లను బాధ్యులను చేసింది, అదీ ఉద్యోగులకే.

మోసం ఉంటే ఈ కంచెలేవీ డైరెక్టర్‌ను కాపాడవు. బాకీదారులను ముంచాలనే వ్యాపారం నడిపినట్టు లిక్విడేషన్‌లో తేలితే 2013 కంపెనీల చట్టం 339వ సెక్షన్, దివాలా స్మృతి 66వ సెక్షన్ సొంత ఆస్తి దాకా వస్తాయి. 66 కింద రాబట్టిన సొమ్ము కంపెనీ ఆస్తుల్లో కలుస్తుంది, ఫలానా ఆడిటర్ ఖాతాలో పడదు.

ఫీజు రాలేదని క్లయింటు ఫైళ్లు పట్టుకుని కూర్చోవడమూ కుదరదు. మధ్యప్రదేశ్‌లో ఒక సహకార బ్యాంకు న్యాయవాది తన ఫీజు కోసం కేసు కాగితాలు ఆపితే, క్లయింటు ఫైళ్ల మీద వకీలుకు అలాంటి హక్కు లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో చెప్పింది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం కొంత మేలు: 45 రోజులు దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. అదీ కంపెనీ నుంచే. గడువు మాటకొస్తే, చెల్లింపు తేదీ ముందే ఖరారు చేసుకోకుండా చేసిన పనికి లిమిటేషన్ చట్టం 18వ అధికరణ ఇచ్చేది మూడేళ్లు. ఆ లెక్క బిల్లు ఇచ్చిన నాటి నుంచి కాదు, పని పూర్తయిన నాటి నుంచి మొదలవుతుంది.