వృద్ధాప్య పింఛను: దాక్షిణ్యమా, హక్కా?

రాయలసీమ మెట్టప్రాంతంలో సంక్షేమ విధానాల చరిత్ర రాయబూనినవారు కరువుతో మొదలుపెట్టక తప్పదు. 1876-78 నాటి ధాత కరువు ఫలితంగా, 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగోవంతు తగ్గిపోయింది. కరువు పనుల్లో మట్టి మోసే కూలివానికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర చాలునని 1877లో రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. ఆ నిర్ణయంలో కూలివాని మాట లేదు. అతని తరఫున అడిగే సభా లేదు.

స్వాతంత్ర్యానంతరం సభ వచ్చింది, ఓటు వచ్చింది. వృద్ధాప్యంలో, నిరుద్యోగంలో, అనారోగ్యంలో ప్రభుత్వ సహాయం పొందే హక్కును గురించి రాజ్యాంగం 41వ అధికరణం చెప్పింది. కాని ఆదేశిక సూత్రాలను న్యాయస్థానాల ద్వారా అమలు జరిపించుకోరాదని 37వ అధికరణం చెబుతున్నది. 1948లో రాజ్యాంగ పరిషత్తులో కె.టి. షా దీనినే ఎత్తిపొడిచారు. బ్యాంకు తనకు వీలైనప్పుడు చెల్లిస్తానన్న చెక్కుతో ఈ సూత్రాలను పోల్చారు. కోర్టు అడగకపోయినా, ఎన్నికలలో ఓటరు అడుగుతాడన్నది డాక్టర్ అంబేద్కర్ సమాధానం. నా దృష్టిలో మన సంక్షేమ చరిత్ర అంతా ఈ రెండు మాటల మధ్యనే నడిచింది.

కర్నూలు సమీపాన పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య 1950-52లో తాత్కాలిక పార్లమెంటు సభ్యులు. 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి దళితుడాయన. ఆ ఏడే రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను మొదలయింది. 1962లో కోడుమూరు ప్రజలు ఆయనను శాసనసభకు పంపారు. ఈ పింఛనును ఒక వ్యక్తి మంచితనంగా మాత్రమే చూస్తే చరిత్ర అర్థం కాదు. హంద్రీ ఒడ్డునున్నా వానచినుకు మీదనే ఆధారపడిన నేల ఇది. పంట పోయిన ఏడు పనిచేయగలవాళ్ళు మూటాముల్లె కట్టుకుని సుగ్గికి పోతారు. ముసలివాళ్ళు ఇంటి కాపలాగా మిగిలిపోతారు. కొడుకు పంపితే తినాలి, లేకుంటే పస్తు. పింఛను అవసరం ఈ నేలలోనే ఉన్నది.

రాష్ట్రం 1960లో చేసిన పనికి కేంద్రం 1995 ఆగస్టు 15 దాకా పూనుకోలేదు. ముప్పయి అయిదేళ్ళు! అప్పుడైనా జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం పేర కేంద్రం ఇచ్చింది నెలకు 75 రూపాయలు. 2006లో అది 200 అయింది. ఆ తరువాత ధరలు ఎంత పెరిగినా, ఎనభై ఏళ్ళలోపు వృద్ధులకు కేంద్రం వాటా ఆ 200 దగ్గరే నిలిచిపోయింది. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నెల పింఛను 4,000 రూపాయలు. ఇందులో ఢిల్లీ భాగమెంతో పాఠకులే లెక్కగట్టవచ్చు. ఈ మొత్తాన్ని పెంచమని పార్లమెంటు స్థాయీ సంఘమే పలుమార్లు సిఫారసు చేసింది. 2012 నుంచి పెన్షన్ పరిషత్ పక్షాన వృద్ధులు ఢిల్లీ వీధుల్లో కూర్చుని అడిగారు. అయినా అంకె కదలలేదు. కారణం స్పష్టం: ఇది పథకమే గాని చట్టం కాదు. పథకాన్ని బడ్జెట్ పద్దులో ఒక గీతతో కుదించవచ్చు.

మరి చట్టమైతే చాలునా? ఉపాధి హామీ చరిత్ర చూడండి. ప్రజాసంఘాల ఒత్తిడి మీద 2004 డిసెంబరులో లోక్‌సభకు వచ్చిన బిల్లు స్థాయీ సంఘానికి వెళ్ళింది, వాదోపవాదాలకు నిలిచింది, 2005 ఆగస్టులో ఆమోదం పొందింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, మన కరువు నేల మీదనే, అది అమలులోకి వచ్చింది. ఎనిమిది నెలల చర్చతో పుట్టిన ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో మరొక చట్టం వచ్చింది. సంఘ పరిశీలనకు పంపాలని ప్రతిపక్షాలు కోరినా, వారం తిరగకముందే ఉభయసభలూ దానిని ఆమోదించాయి. కొత్త చట్టం పనిదినాలను నూరు నుంచి నూట ఇరవై అయిదుకు పెంచింది; ఖర్చులో రాష్ట్రాల భారాన్నీ పెంచింది. మంచిచెడ్డలు అటుంచి, పలుగు పట్టే చేతిని అడగకుండా జరిగిన నిర్ణయమిది. 1877 నాటి లోపం, ఓటు ఉన్న ఈ కాలంలోనూ తలెత్తిందన్నమాట.

కనుక చట్టం అవసరం. చట్టం వెనుక మేలుకొని ఉన్న ప్రజలు అంతకన్న అవసరం. అంబేద్కర్ నమ్మకం పెట్టుకున్న ఓటరు అయిదేళ్ళకొకసారి వేలు చూపి ఊరుకుంటే, షా చెప్పిన చెక్కు మారదు. పార్లమెంటులో ఏ ప్రశ్న వేశారని, ఏ పద్దుకు చేయెత్తారని సభ్యుణ్ణి ఊరి రచ్చకట్ట మీద నిలబెట్టి అడగాలి. అడగడానికి లెక్కలు కావాలి. ఆ లెక్కలను చదివి, తేట తెలుగులో ఊరికి వినిపించవలసిన పని చదువుకున్న మనది. విద్యార్థులు, ఉపాధ్యాయులు దానిని చేపట్టకపోతే, రెండువందల రూపాయల దాక్షిణ్యానికి మన పెద్దలు ఇంకా చేతులు జోడిస్తూనే ఉంటారు.