తొట్లో పెట్టిన పేరు, వాకిట్లో పిలిచే పేరు

బంగారుపాళ్యం చుట్టుపక్కల పల్లెల్లో బిడ్డను తొట్లో వేసే రోజు చెవిలో చెప్పే పేరు ఒకటి, మర్నాటి నుంచి ఇల్లంతా పిలిచే పేరు ఇంకొకటి. వెంకటరమణ రమణ అవుతాడు. సుబ్రమణ్యం మణి అవుతాడు. మునిరత్నం ఒకరికి ముని, ఇంకొకరికి రత్నం. ఈ రెండో పేరును ముద్దుపేరు అంటాం, ముద్దు కోసమే పుట్టిందనుకుంటాం. ఆధారాలను పక్కపక్కన పెట్టి చూస్తే ముద్దు ఒక కారణం మాత్రమే. పెద్దల మీద గౌరవం, బిడ్డ దక్కదేమోనన్న భయం, ఊళ్ళోని హెచ్చుతగ్గులు కూడా పిలుపును మలిచాయి. బిడ్డకు పాతకాలపు నిండు పేరు పెట్టాలనుకునే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియడం అవసరమని నా నమ్మకం. పేర్ల రూపాలు, సాహిత్యం, చట్టం ఈ వ్యాసానికి ఆధారాలు. ఏ పేరు ఎందరికి ఉందన్న లెక్కల జోలికి ఇది పోదు.

పేరును ఎక్కడ తుంచుతారు

ఈ ప్రాంతపు పాత పేర్లలో చాలా భాగం గుళ్ళ నుంచి వచ్చినవే. తిరుమల వెంకటేశ్వర్లును, తిరుచానూరు అలమేలుమంగను, కాణిపాకం వినాయకాన్ని, మొగిలి మొగిలీశ్వరాన్ని, తిరుత్తణి చెంగల్రాయుణ్ణి ఇచ్చాయి. ఇవి పొడుగు పేర్లు. పొలం గట్టు మీద నుంచి కేకేయాలంటే తుంచక తప్పదు.

తుంచే తీరుకు అలమేలుమంగ మంచి ఉదాహరణ. తమిళంలో అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే స్త్రీ. ముందు సగం పట్టుకుని అలమేలు, అలివేలు అన్నవాళ్ళకు ‘పువ్వు మీద’ అన్నంత వరకే దక్కింది. వెనక సగం పట్టుకుని మంగ, మంగమ్మ అన్నవాళ్ళకు స్త్రీ దక్కింది, పువ్వు పోయింది. పిలిచేవాళ్ళకు ఈ నష్టం తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. సుబ్రమణ్యంలో ఇంకో వింత ఉంది. అసలు మాట సుబ్రహ్మణ్యం, అందులో మణి అనే పదమే లేదు. చెవికి వినపడిన ముక్కను పట్టుకుని జనం అందులోంచి ఒక రత్నాన్ని తీశారు. కాబట్టి పిలుపు పేరు అర్థాన్ని అనుసరించదని, నోటికీ చెవికీ అనువైన చోట తెగుతుందని చెప్పవచ్చు. ఇది మన ఒక్కరి అలవాటే కాదు. ఇంగ్లీషులో మార్గరెట్ పెగ్గీ అయింది, రష్యన్‌లో అలెగ్జాండర్ సాషా అయ్యాడు.

పెద్దల పేరు అనకూడని ఇంట్లో

తాత పేరు మనవడికి, అవ్వ పేరు మనవరాలికి పెట్టడం తెలుగు ఇళ్ళలో పాత ఆచారం. మామ పేరు కోడలు నోటితో అనకూడదన్నది కూడా పాత కట్టుబాటే. ఈ రెండూ ఒకే ఇంట్లో కలిసినప్పుడు తల్లి తన కొడుకును సొంత పేరుతో పిలవలేదు. తిట్టాల్సి వస్తే అసలే పిలవలేదు. అలాంటి చోట అబ్బోడు, చిన్నోడు, పెద్దోడు, నాయన, పాప అన్న పిలుపులు అక్కరకొచ్చాయి.

వరస మాట పేరుగా నిలబడిపోవడానికి సాక్ష్యాలు కూడా ఉన్నాయి. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) చరిత్రను ద్విపదలో రాసిన మనవడి పేరు చినతిరువేంగళనాథుడు. సాహిత్యలోకం ఆయన్ను చిన్నన్న అనే పిలుచుకుంది. తిరుపతి దగ్గరి మిట్టూరు నుంచి వచ్చిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన పుస్తకానికి ‘సినబ్బ కతలు’ అని పేరు పెట్టారు. 2013లో వచ్చిన ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ సినిమాలో అన్నదమ్ములు మొదటి నుంచి చివరి దాకా పెద్దోడు, చిన్నోడే. చిన్నన్న అన్న పేరు మాత్రం పెద్దల పేరు అనకూడదన్న కట్టుబాటు వల్లే వచ్చిందని వీటిని బట్టి తేల్చకూడదు. దేవుడి పేరు కంటే వరస మాట గట్టిగా నిలవగలదన్నంత వరకే ఇవి రుజువు చేస్తాయి.

దిష్టికి అడ్డుపెట్టిన పేర్లు

పుట్టిన బిడ్డలు వరసగా పోయిన ఇంట్లో తర్వాతి బిడ్డను కుప్ప మీద ఉంచి తిరిగి తెచ్చుకునేవాళ్ళు. కుప్పయ్య, కుప్పమ్మ, పెంటయ్య, పెంటమ్మ అన్న పేర్లు ఆ మొక్కుబడి నుంచి వచ్చినవే. మృత్యువు కంట పడకుండా బిడ్డను విలువలేనిదిగా చూపించడం అందులోని ఉద్దేశం. పేరులో నీచం వినపడుతుంది గానీ దాని వెనక ఉన్నది కడుపుకోత. ఇక్కడా జాగ్రత్త అవసరం. ఈ పేర్లు తర్వాత తాతల పేర్లుగా మనవళ్ళకు వచ్చాయి. కనుక కుప్పయ్య కనపడిన ప్రతి ఇంట్లో బిడ్డలు పోయారనుకోవడం పొరపాటు.

ఎవరు, ఎవరిని పిలుస్తున్నారు

గురజాడ ‘కన్యాశుల్కం’ (1897) లో అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బి, పెద్ద కూతురు బుచ్చమ్మ. ఒకే ఇంట్లో ఒకరికి ‘ఇ’, ఇంకొకరికి ‘అమ్మ’. వయసు తేడా ఆ చివరి అక్షరాల్లోనే వినపడుతుంది. ఊళ్ళో ఇదే తేడా కులానికీ భూమికీ కూడా పాకింది. ఒకే వెంకటేశ్వర్లు ఆస్తి ఉన్న ఇంట్లో పుడితే వెంకటయ్య, కూలి ఇంట్లో పుడితే ఎంకటిగాడు. ‘గాడు’ తల్లి నోట ముద్దు, యజమాని నోట చులకన. అందుకే రూపాన్ని మాత్రమే చూసి ఇది ముద్దుపేరు, ఇది తిట్టు అని విడదీయలేం. పిలిచేవాళ్ళనూ పిలిపించుకునేవాళ్ళనూ కలిపి చూడాలి.

‘బంగారు’ అన్న మాట తిరిగిన దారి దీనికి భిన్నం. ఇప్పుడది ఒళ్ళో బిడ్డను పిలిచే మాట. వెంకటగిరి పాలకుడు బంగారు యాచమనాయుడి పేరు ముందు అదే మాట గౌరవంగా నిలిచింది. బంగారుపాళ్యం ఊరి పేరు కూడా అలాగే వచ్చిందని దీన్నిబట్టి చెప్పకూడదు.

కాగితం మీద ఏ పేరు

బెంగాలీలకు ఇంటి పిలుపుకు డాక్‌నామ్, లోకానికి భాలోనామ్ అని రెండు వేర్వేరు పేర్లున్నాయి. మనకు అంత స్పష్టమైన ఏర్పాటు లేదు. అందువల్ల ఇంటి పిలుపు రికార్డులోకి జారే వీలుంది. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం ప్రకారం పుట్టుకను 21 రోజుల్లో తెలపాలి. పేరు మాత్రం అప్పుడే ఇవ్వనక్కర్లేదు. 14వ సెక్షన్ కింద తర్వాత చేర్చవచ్చు, నిబంధనల్లో ఏడాది వరకు రుసుము లేదు, ఆపైన 15 ఏళ్ళ దాకా రుసుముతో అవకాశం ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన బిడ్డలకు బడిలో చేర్చడం మొదలు అనేక పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం. కనుక తొందరపడి పిలుపును రాయించకుండా నిండు పేరు నిదానంగా రాయించడం మంచిది.

ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే తల్లిదండ్రులకు చెప్పదగింది ఇంతే. పెద్ద పేరు పెట్టడానికి జంకక్కర్లేదు, దాన్ని జనం ఎక్కడో ఒకచోట తుంచుకుంటారు. ఎక్కడ తుంచుతారో మీరు శాసించలేరు. ఇంట్లో మీరు దాన్ని ఏ గొంతుతో పిలుస్తారన్నది మాత్రం మీ చేతిలోనే ఉంది. శ్రీకాళహస్తి కథలో వేటగాడికి కన్నవాళ్ళు పెట్టిన పేరు తిన్నడు. శివుడికి కన్ను ఇచ్చాక వచ్చిన పిలుపు కన్నప్ప. ఈ సీమలో బిడ్డలకు పెట్టుకుంటున్నది ఆ పిలుపునే.