సితారా లేని అఫ్సర్

మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఒక తస్వీర్ నా దగ్గర ఉంది. బెర్లిన్‌కు దక్షిణాన వున్స్‌డోర్ఫ్‌లో జర్మన్లు నడిపిన ‘హాల్బ్‌మోండ్‌లాగర్’, అంటే నెలవంక క్యాంపులో తీసింది. బ్రిటిష్, ఫ్రెంచ్ ఫౌజుల్లో లడాయి చేస్తూ పట్టుబడిన ముస్లిం సిపాయిలను, వాళ్ళతోపాటు హిందుస్తానీ హిందువులను, సిక్కులను అక్కడ ఖైదులో ఉంచారు. 1915లో చెక్కతో ఒక మస్జిద్ కూడా కట్టించారు. ఖైదీల దిల్ గెలిచి, వాళ్ళను అంగ్రేజుల మీదకు తిప్పాలన్నది జర్మన్ల మన్సూబా.

తస్వీర్‌లో తలపాగాల ఖైదీల మధ్య ఒక జర్మన్ నిలబడి ఉంటాడు. దాని వెనకాల నేను ‘మన సిపాయిలతో ఇజ్జత్‌గా మాట్లాడుతున్న జర్మన్ అఫ్సర్’ అని ఫఖ్ర్‌తో రాసుకున్నాను.

మొన్న ఈద్‌కి వచ్చిన మా మేనల్లుడు అది చదివి, “మామూజాన్, ఈయన అఫ్సర్ ఎలా అవుతాడు? భుజం మీద ఒక్క సితారా కూడా లేదు కదా!” అన్నాడు.

భూతద్దం పెట్టి చూశాను. వాడి జవాబు సహీ. దలీల్ మాత్రం గలత్.

మన దగ్గర ఎస్సై భుజం మీద రెండు సితారాలు, సీఐకి మూడు. అందుకే మనం ముందు సితారాలు లెక్కపెడతాం. కైజర్ ఫౌజులో ముందు చూడాల్సింది భుజం పట్టీ అల్లిక. పక్కపక్కన పరిచిన వెండి తాళ్ళుంటే చిన్న అఫ్సర్లు: సితారా లేకపోతే లెఫ్టినెంట్, ఒకటుంటే ఒబెర్‌లెఫ్టినెంట్, రెండుంటే కెప్టెన్, వాళ్ళ మాటలో హౌప్ట్‌మన్. అవే వెండి తాళ్ళు జడలా అల్లి ఉంటే మేజర్ నుంచి కర్నల్ దాకా. లెక్క మళ్ళీ సున్నా నుంచే: సితారా లేనివాడు మేజర్, రెండున్నవాడు కర్నల్. బంగారం, వెండి కలిపి అల్లితే జనరళ్ళు. అక్కడా సితారా లేనివాడు మేజర్ జనరల్. అంటే ఖాళీ భుజం లెఫ్టినెంట్‌దీ కావచ్చు, జనరల్‌దీ కావచ్చు.

మామూలు సిపాయి భుజం మీద తాళ్ళు ఉండవు, బట్ట పట్టీయే. దాని మీద చాలాసార్లు రెజిమెంట్ నంబర్ ఉంటుంది. అది ఓహ్దా కాదు. సిపాయిల ఓహ్దా కాలర్ దగ్గర వెతకాలి. కాలర్‌కు రెండు పక్కలా చిన్న గుండీ ఉంటే గెఫ్రైటర్, సిపాయికి ఒక్క మెట్టు పైన. కాలర్ అంచున జరీ పట్టీ ఉంటే ఉంటెర్‌ఒఫిట్సియర్. జరీతోపాటు పెద్ద గుండీ కూడా ఉంటే సార్జెంట్.

టోపీ ముందు రెండు గుండ్రటి బిళ్ళలుంటాయి. పైది నలుపు, తెలుపు, ఎరుపు రంగుల్లో మొత్తం సల్తనత్‌ది. కిందది ఆ సిపాయి రియాసత్‌ది: ప్రష్యాకు నలుపు తెలుపు, బవేరియాకు తెలుపు నీలం. ఈ రంగులు పాత తస్వీరుల్లో ధోకా ఇస్తాయి. ఆ జమానా ఫిల్ముల మీద ఎరుపు దాదాపు నల్లగా, నీలం వెలిసిపోయినట్టు పడేది. అందుకే రంగు కంటే అల్లికను నమ్మాలి.

మా తస్వీర్‌లో జర్మన్ భుజం మీద బట్ట పట్టీ. కాలర్‌కు చిన్న గుండీ. జరీ లేదు. గెఫ్రైటర్!

మనసు కొంచెం చిన్నబోయింది. ఒక అఫ్సర్ మనవాళ్ళకు ఇజ్జత్ ఇచ్చాడని ఎన్ని మెహఫిళ్ళలో చెప్పానో!

మేనల్లుడు ఊరుకోలేదు. “మరి మనవాళ్ళ ఓహ్దా ఏంటి?” అన్నాడు.

ఆ సవాల్ నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు. సిగ్గుగా మళ్ళీ భూతద్దం తీశాను. జర్మన్ పక్కన నిలబడ్డ గడ్డం మనిషి కుడి చేతి మీద, మడతల్లో సగం దాగి, వి ఆకారపు పట్టీలు కనిపించాయి. ఒకటి, రెండు, మూడు. హిందుస్తానీ ఫౌజులో మూడు పట్టీలంటే హవల్దార్, సార్జెంట్‌కు బరాబర్. ఆ ఇద్దరిలో ఓహ్దా పెద్దది మన ఖైదీదే.

పాత మాట కొట్టేసి, మేనల్లుడి చేతే కొత్తది రాయించాను: ‘ఒక హవల్దార్, ఆయన సాథీలు. పక్కన ఒక జర్మన్ గెఫ్రైటర్.’