సార్స్ పట్టికలో ఒక అంకె

2003లో టొరాంటోలో ఉన్న తెలుగువాళ్ళకి సార్స్ రోజులు గుర్తుండే ఉంటాయి. నేనప్పుడు డౌన్‌టౌన్‌లో ఓ బ్యాంకు ప్రాజెక్టులో ఉన్నాను. సబ్‌వేలో ఎవరైనా దగ్గితే చాలు, పక్క సీటు ఖాళీ. అత్యవసరమైతే తప్ప టొరాంటో వెళ్ళొద్దని ఏప్రిల్ 23న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించగానే ఇంటి నుంచి ఫోన్లే ఫోన్లు. వారం తిరిగేసరికి ఆ సలహా వెనక్కి తీసుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

ఫిబ్రవరిలో హాంకాంగ్ నుంచి తిరిగొచ్చిన ఒక పెద్దావిడతో అక్కడ మొదలైన జబ్బది. ఎక్కువగా ఆస్పత్రుల్లోనే పాకింది. కెనడాలో 44 మంది పోయారు. టొరాంటో డాక్టర్లు తమ దగ్గర చేరిన 144 మంది వివరాలు కూర్చి అదే ఏడాది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వేశారు. ఆ రోగుల్లో సగం మంది ఆస్పత్రి సిబ్బందే! జబ్బుపడ్డ సహోద్యోగుల రక్తపరీక్షలు చూసి రాసిన లెక్కలన్నమాట.

ఆ లెక్కల్లో ఒక అంకె ఉంది. 60 శాతం మందికి రక్తంలో కాల్షియం తక్కువ. లింఫోసైట్లు తగ్గినవాళ్ళు 54 శాతమే. లింఫోసైట్ల గురించి చర్చ బాగానే జరిగింది. కాల్షియం మాత్రం పట్టికలో అలా ఉండిపోయింది.

పదిహేడేళ్ళ తర్వాత, 2020లో, ఇటలీలోని మిలాన్‌లో శాన్ రఫాయేలే ఆస్పత్రి డాక్టర్లు కోవిడ్‌తో వచ్చినవాళ్ళ రక్తం చూస్తే ప్రతి ఐదుగురిలో సుమారు నలుగురికి కాల్షియం తక్కువే. అలాంటివాళ్ళని ఆస్పత్రిలో చేర్చుకోవాల్సిన అవసరం కూడా ఎక్కువగా వచ్చింది. ఇదీ సార్స్ కుటుంబపు వైరసే కదా.

ఇంతకీ కాల్షియం తగ్గితే ఏమిటట? ఒంట్లో కాల్షియం 99 శాతం ఎముకల్లోనే ఉంటుంది. మిగిలిన ఆ కాస్తతోనే గుండె, కండరాలు, నరాలు పనిచేస్తాయి. ఈ సంగతి బయటపడ్డ తీరు తమాషాగా ఉంటుంది. 1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు కప్ప గుండెని ఉప్పునీళ్ళలో ఉంచి కొట్టించేవాడు. తీరా చూస్తే ఆ ద్రావణం కలిపినవాడు వాడింది బట్టీపట్టిన నీళ్ళు కాదు, కుళాయి నీళ్ళు! శుద్ధమైన నీళ్ళతో కలిపితే గుండె ఆగిపోయింది. కుళాయి నీళ్ళలోని కాల్షియమే దాన్ని ఆడించింది.

అయితే జ్వరంలో కాల్షియం తగ్గిందంటే కాల్షియమే రోగమనుకోకూడదు. మా భాషలో చెప్పాలంటే, సర్వరు లాగ్‌లో కనపడ్డ ప్రతి ఎర్ర గీతా మూలకారణం కాదు. రక్తంలో కాల్షియం సుమారు 40 శాతం ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని ఉంటుంది. జబ్బు తీవ్రమయ్యేకొద్దీ ఆల్బుమిన్ పడిపోతుంది, దాంతోపాటు మొత్తం కాల్షియం అంకె కూడా. ఆల్బుమిన్ ఒక గ్రాము తగ్గితే కాల్షియం లెక్కలో 0.8 మిల్లీగ్రాములు కలిపి చూడమని డాక్టర్ల పాత సూత్రం. అంటే తక్కువ కాల్షియం చాలాసార్లు జబ్బు ఎంత ముదిరిందో చెప్పే గుర్తే.

కానీ మొత్తం కథ అదేననీ అనలేం. మిలాన్‌వాళ్ళు ఆల్బుమిన్‌తో నిమిత్తం లేని, విడిగా తిరిగే అయాన్ల కాల్షియాన్ని కూడా కొలిచారు. అదీ చాలామందిలో తగ్గే ఉంది. ఆ తర్వాత అదే ఆస్పత్రి కోవిడ్ రోగుల్లో విటమిన్ డి లోటు కూడా ఎక్కువగా కనపడింది.

2020లో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కాల్షియం, డి బిళ్ళల జాబితాలు తెగ తిరిగాయి. ఆ అయాన్ల కాల్షియం బాగా పడిపోయి చేతులు కొంకర్లు పోతుంటేనో, గుండె లయ తప్పుతుంటేనో ఆస్పత్రిలో నరం ద్వారా ఎక్కించే కాల్షియం వేరు. ఇంట్లో పాలతో మింగే బిళ్ళ వేరు.