గదర్ వీరులు – అమెరికా చూసిన తీరు

గదర్ పార్టీ గురించి మీ చరిత్ర పుస్తకంలో ఒక పేరా చదివే ఉంటారు. 1913లో అమెరికా పశ్చిమ తీరంలోని భారతీయులు దాన్ని స్థాపించారు. సాయుధ తిరుగుబాటుతో బ్రిటిష్ పాలనను కూలదోయాలన్నది వారి ఆశయం. మరి వారికి పని ఇచ్చిన అమెరికా వారిని ఏ కంటితో చూసింది? ఈ పాఠంలో అది పరిశీలిద్దాం.

ఆ పార్టీ తొలినాటి సభ్యుల్లో ఒక తెలుగువారూ ఉన్నారు. నాటి నెల్లూరు జిల్లా కనిగిరిలో పుట్టిన దరిశి చెంచయ్య 1912లో చదువు కోసం అమెరికా వెళ్ళారు. ఆయన ఆత్మకథ 'నేనూ, నా దేశం' మీ గ్రంథాలయంలో దొరికితే తప్పక చదవండి.

ఆయనలాంటి విద్యార్థులు కొద్దిమందే. తక్కినవారిలో ఎక్కువమంది పంజాబు రైతులు. కలప మిల్లుల్లో, రైలుమార్గాల మీద, పండ్లతోటల్లో కూలి చేసేవారు. సిక్కయినా ముస్లిమయినా అక్కడి పత్రికలకు అందరూ 'హిందువులే'! తక్కువ కూలికి ఒప్పుకొని తమ పొట్టకొడుతున్నారని తెల్ల కార్మికులకు కోపం. 1907 సెప్టెంబరు 4న బెల్లింగ్‌హామ్ పట్టణంలో ఒక గుంపు వీరి బసల మీద పడి ఊరి నుంచి తరిమివేసింది. గమనించండి, గదర్ పార్టీ పుట్టడానికి ఆరేళ్ళ ముందే వీరిపై ముద్ర పడిపోయింది.

1913 నవంబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో 'గదర్' పత్రిక వెలువడింది. మీరూ ఒకప్పుడు బ్రిటిష్‌వారిపై తిరగబడ్డవారే కదా అని గదర్ నాయకులు అమెరికన్లకు గుర్తుచేసేవారు. ఆ మాటకు సానుభూతి చూపినవారు లేకపోలేదు. కాని 1914 మార్చిలో అధికారులు హరదయాళ్‌ను అరాచకవాది అంటూ నిర్బంధించారు. ఆయన బెయిలు మీద బయటికి వచ్చి స్విట్జర్లాండు వెళ్ళిపోయారు. చెంచయ్య సయాంలో పట్టుబడి జైలు పాలయ్యారు.

యుద్ధకాలంలో గదర్‌వారు జర్మనీ సాయం తీసుకున్న మాట నిజం. ఆయుధాలు చేరవేసే ప్రయత్నమూ జరిగింది. అయితే 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలో దిగింది. జర్మనీ అక్కడివారికీ శత్రువయింది. పార్టీ నాయకుడు రామచంద్రను అప్పుడే అరెస్టు చేశారు. 'హిందూ–జర్మన్ కుట్ర కేసు' విచారణ నవంబరులో మొదలై 1918 ఏప్రిల్ దాకా నడిచింది. చివరి రోజున రామ్‌సింగ్ అనే సహముద్దాయి కోర్టు గదిలోనే రామచంద్రను కాల్చి చంపాడు. అతణ్ణి మార్షల్ కాల్చివేశాడు. కూలీల కష్టం గురించి ఏళ్ళ తరబడి రాసిన రాతలకన్నా ఆ క్షణమే జనానికి గుర్తుండిపోయి ఉంటుంది.

అయినా మిత్రులు మిగిలారు. 1919లో ఏగ్నెస్ స్మెడ్లీ, తారకనాథ్ దాస్ ప్రభృతులు భారత స్వాతంత్ర్య మిత్ర సంఘాన్ని నడిపి, శిక్ష అనుభవించిన భారతీయులను దేశం నుంచి పంపివేయరాదని పోరాడారు.

భగత్‌సింగ్ థిండ్ అనే ఆయన ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలోనే పనిచేశారు. పౌరసత్వం కోరినప్పుడు, గదర్‌వారితో ఆయనకు పరిచయాలున్నాయని అధికారులు అభ్యంతరం చెప్పారు. కింది కోర్టు దాన్ని తోసిపుచ్చింది. 1923లో సుప్రీంకోర్టు మాత్రం, సామాన్యుల వాడుకలో ఆయన 'తెల్లవాడు' కాడని తేల్చింది. భారతీయులకు పౌరసత్వపు దారి 1946 చట్టంతోగాని తెరుచుకోలేదు. కొత్తగా వచ్చేవారికి మాత్రం ఏడాదికి 100 మందే అని హద్దు పెట్టారు.